ఢాకా మాత్రలు

ఆ మంగళవారం పొద్దున గంగాదేవి కొత్త సీసా మూత తీసి, ఒక మాత్ర అరచేతిలోకి వంపుకుంది. అప్పుడే చేపల తట్టలు కడిగి వచ్చిందేమో, చెయ్యి ఇంకా ఆరలేదు. వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న ఆమె భర్త కాశీరావు ఒక చేత్తో మంచినీళ్ళ గ్లాసు పట్టుకుని రెండో చెయ్యి చాపాడు. మాత్ర అతని చేతిలో వెయ్యబోతూ ఆమె ఆగిపోయింది. అరచేతిలో పసుపుపచ్చటి మరక. మాత్ర దొర్లిన మేరా గీతలా పడింది.

ఇప్పటికి ఏడు సీసాలు వాడారు. ఒక్క మాత్ర కూడా ఇలా రంగు వదల్లేదు.

"ఇయ్యవేంటే?" అన్నాడు కాశీరావు.

"ఉండు, కింద పడింది. ఇంకోటి తెస్తా," అంటూ ఆమె లోపలికి వెళ్ళింది.

వంటింటి గూట్లో పోపుల డబ్బా వెనక పాత సీసా ఒకటి ఉంది. వేసవిలో ఒకసారి రక్తం బాగా పల్చబడిందని డాక్టరమ్మ పది రోజులు మాత్ర ఆపమంటే, అప్పుడు మిగిలినవి అందులో ఉన్నాయి. మందు తెచ్చే లారీ ఎప్పుడైనా ఆలస్యమైతే అక్కరకొస్తాయని దాచింది. వాటిలో ఒకటి తీసి, వేలు నీళ్ళలో ముంచి రుద్ది చూసింది. ఏమీ అంటలేదు. కొత్తదాన్ని రుద్దింది. వేలి కొస పచ్చబడింది.

రెండు సీసాలూ పక్కపక్కన పెట్టుకుంది. మీద అచ్చంతా బెంగాలీ. ఆమెకు రాదు. పిల్లలు బొమ్మలు పోల్చుకున్నట్టు ఒక్కో అక్షరాన్నీ పోల్చుకుంటూ పోయింది. అన్నీ ఒకేలా ఉన్నాయి. కింద తేదీ దగ్గర మాత్రం, పాతదాని మీద అంకెలు తడిమితే వేలికి తగిలేలా గుద్ది ఉన్నాయి. కొత్తదాని మీద నున్నగా ఉంది.

పాత మాత్రే తెచ్చి భర్తకిచ్చింది. అతను మింగి, నీళ్ళు తాగి, పేపరు అందుకున్నాడు. పాత సీసాలో ఇంక తొమ్మిది మిగిలాయి.

కాశీరావుది కొల్లేటి ఒడ్డు. కైకలూరులో చేపల ప్యాకింగ్ షెడ్డులో పనిచేసేవాడు. ఐసు కొట్టి, ఐసూ చేపా వరసలుగా పేర్చి, ట్రేలు లారీకెత్తడం అతని పని. రెండు ట్రేలు ఒక్కసారే భుజానికెత్తుకునే మనిషి, 2004 చివర్లో ఉన్నట్టుండి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడటం మొదలుపెట్టాడు. కడుపులో ఎడమ పక్క గట్టిగా ఏదో తగిలేది. విజయవాడలో ఓ పెద్దాసుపత్రికి తీసుకెళితే, రక్తం పరీక్ష చేసి, తెల్లకణాలు హద్దు లేకుండా పెరిగిపోతున్నాయనీ, అది రక్తానికి వచ్చే క్యాన్సరనీ చెప్పారు. రోజుకో మాత్ర చొప్పున బతికినంతకాలం వేసుకుంటే మామూలు మనిషిలా తిరగొచ్చన్నారు. ఆ మాటకి గంగాదేవి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. మందుల కొట్టులో ఆ మాత్ర ధర విన్నాక ఆ చేతులు కిందికి జారిపోయాయి. చవగ్గా తయారుచేసే ఇక్కడి కంపెనీది ఏదో కోర్టు గొడవలో ఆగిపోయిందనీ, మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలియదనీ కొట్టులో చెప్పారు.

దారి చూపించింది ఆమె తమ్ముడు గంగాధర్. అతను చేపల లారీ డ్రైవరు. కైకలూరులో లోడెత్తుకుని హౌరాకు, ఒక్కోసారి ఇంకా ముందుకి, బంగ్లాదేశ్ సరిహద్దు పక్కనున్న బోంగావ్‌కి తోలుతుంటాడు. అక్కడ ఒక మందుల కొట్టులో నిమాయ్ అనే గుమాస్తాతో అతనికి పరిచయం. అదే మందు సరిహద్దుకి అవతల ఢాకాలో తయారవుతోందనీ, పదో వంతు ధరకే దొరుకుతుందనీ, డాక్టరు చీటీ జిరాక్సు ఇస్తే తెప్పించిపెడతాననీ నిమాయ్ అన్నాడు.

మొదటి మాత్ర మింగిన రోజు గంగాదేవి పనికి పోకుండా రోజంతా భర్త మొహం చూస్తూ కూర్చుంది. నెల తిరిగేసరికి కణాలు దిగాయి. కడుపులో గట్టితనం కరిగింది. "మందు బాగా పనిచేస్తోంది. మానొద్దు," అంది డాక్టరు రాజ్యలక్ష్మి రిపోర్టు చూసి. ఎక్కడ కొంటున్నారని ఆవిడ అడగలేదు. వీళ్ళూ చెప్పలేదు.

చెప్పడానికి భయం. దేశంకాని దేశం నుంచి చాటుగా మందు తెస్తే జైలేనని తోటి డ్రైవర్లు గంగాధర్‌ని బెదరగొట్టారు. అతను సీసాని బియ్యం డబ్బా అడుగున పెట్టి తెచ్చేవాడు. ఒకసారి ఇచ్ఛాపురం చెక్‌పోస్టులో ఎవరో ఆఫీసరు ఆ డబ్బా మూత తీయించి, గుప్పెడు బియ్యం పైకి తీసి, మళ్ళీ వదిలేసి పొమ్మన్నాడట. అది విన్నప్పటినుంచీ లారీ వచ్చే రోజు గంగాదేవికి అన్నం సయించేది కాదు. హనుమాన్ జంక్షన్‌లో వాళ్ళ ఇంటికి దగ్గరే, హైవే పక్కన ఆమె చేపల బల్ల. లారీ విజయవాడ ఆటోనగర్‌కి రిపేరుకి పోతూ ఆ బల్ల దగ్గర రెండు నిమిషాలు ఆగేది. ఆ రెండు నిమిషాల్లో ఖాకీ బట్టలు కనబడితే చాలు, అది బస్సు కండక్టరయినా సరే, ఆమె సీసాని చేపల తట్ట కిందికి తోసేసేది.

ఆ భయం ఇల్లు దాటకుండా ఉంటే ఒక తీరు. నాలుగు నెలల క్రితం అది మైలవరం దాకా పాకింది.

ఆసుపత్రి బల్ల మీద కలిశారు వెంకటసుబ్బారావు, ఆయన కూతురు శివపార్వతి. ఆయన మైలవరం దగ్గర రైతు. భార్య లేదు. ఇరవై ఆరేళ్ళ శివపార్వతి అక్కడే ప్రైవేటు స్కూల్లో టీచరు. ఆమెదీ ఇదే జబ్బు. కాశీరావు నోట్లో మాట దాగదు. తాము వాడేది ఢాకా మాత్రలని పక్కనున్న పెద్దమనిషికి చెప్పేశాడు. ఆ రోజు నుంచి వెంకటసుబ్బారావు గంగాదేవిని వదల్లేదు.

"మా అమ్మాయికి కూడా ఒక సీసా తెప్పించి పెట్టమ్మా. నీ తమ్ముడికి ఎట్టాగూ దారేగా," అన్నాడు.

"వద్దు బాబాయిగారూ. మా ప్రాణానికి మేం తెగించాం గానీ, ఇంకొకళ్ళ సంగతి నేను ఎత్తుకోలేనండీ."

రెండుసార్లు అలాగే చెప్పింది. మూడోసారి, వరసలో కూర్చుని కూర్చుని శివపార్వతి గోడకి తల ఆనించి నిద్రపోతుంటే చూసింది. ఆ అమ్మాయి చేతిలో ఇంకా పిల్లల పరీక్ష పేపర్లు ఉన్నాయి, ఎర్ర పెన్ను వేళ్ళ మధ్యనుంచి జారిపోతోంది. సరేనంది.

అప్పటినుంచీ నెలకి రెండు సీసాలు. మొన్న ఆదివారం కూడా రెండే వచ్చాయి. సోమవారం వెంకటసుబ్బారావు నూజివీడు మీదుగా బస్సులో వచ్చి తమది తీసుకుపోయాడు.

ఇప్పుడు ఆ సీసా గంగాదేవికి గుర్తుకొచ్చింది. చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివరున్న ఎస్టీడీ బూత్‌కి పరిగెత్తింది. మైలవరం నంబరు చీటీ మీద రాసుకుని ఉంది. నాలుగుసార్లు మోగాక అవతల ఎత్తారు.

"ఎవరూ? గంగాదేవా! ఏమ్మా, మీ ఆయన కులాసానా?"

"కులాసానే బాబాయిగారూ. పార్వతమ్మ మాత్ర వేసుకుందాండీ?"

"ఇప్పుడే. పాత సీసా నిన్నటితో అయిపోయింది. ఇడ్లీ తిని, కొత్తది తీసి వేసుకుని, స్కూలుకి పోయింది. ఏం, ఎందుకమ్మా?"

ఆ ఎందుకు దగ్గర గంగాదేవి చేతిలో చీటీని మడతపెట్టింది. రంగు అంటిందని చెప్పాలి. చెబితే ఆయన ఊరుకుంటాడా? పది మందినీ అడుగుతాడు. ఆ పది మందిలో ఎవడో ఒకడు పోలీసు స్టేషనుకి పోతాడు. గంగాధర్‌కి ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఏడాది కూడా నిండలేదు. అయినా ఒక్క మరకకి ఇంత గోలెందుకు, కంపెనీ వాళ్ళు రంగు మార్చారేమో. ఇవన్నీ ఒక్క క్షణంలో ఆమె బుర్రలో తిరిగాయి.

"ఏం లేదండీ. ఊరికే," అని ఫోను పెట్టేసింది.

బూత్‌లోంచి బయటికి రాగానే హైవే మీద లారీలు రొదగా పోతున్నాయి. తనిప్పుడు చేసిన పనేమిటో ఆమెకు తెలుసు. తెలిసీ ఇంటికి నడిచింది.

గంగాధర్ దొరికితే సంగతి తేలిపోయేది. కానీ అతను సోమవారం సాయంత్రమే మళ్ళీ లోడుతో బయల్దేరాడు. సెల్లు ఉంది గానీ రాష్ట్రం దాటితే పలకదు.

బుధవారం ఆమె కొత్త సీసా కొంగులో మూటగట్టుకుని విజయవాడ బస్సెక్కింది. ఆసుపత్రి సందులో జీవరత్నం అనే ముసలాయనది మందుల దుకాణం. నెమ్మదైన మనిషి. కొట్టులో ఎవరూ లేని సమయం చూసి ఆమె సీసా ఆయన ముందు పెట్టింది. ఆయన కళ్ళజోడు పైకెత్తి, భూతద్దం పెట్టి చూశాడు. ఒక మాత్ర గీరాడు, వాసన చూశాడు.

"ఇది మంచిదో చెడ్డదో కంటితో చూసి చెప్పలేనమ్మా. ల్యాబుకి పంపించాలి. పంపిస్తే ఎక్కడిదని అడుగుతారు." సీసా మూత పెట్టి, గొంతు తగ్గించాడు. "నన్నడిగితే ఇది మీ ఆయనకి వెయ్యొద్దు. నాకు నచ్చలా."

"ఏ సంగతీ తేలేదాకా వెయ్యనండీ."

"ఇదే సీసా ఇంకెవరైనా వాడుతున్నారా?"

"లేదండీ," అంది గంగాదేవి.

ఎంత తేలిగ్గా అంది! తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆ లేదు అన్న మాటే మనసులో తిప్పుకుంటూ వచ్చింది. గన్నవరం దాటాక టిక్కెట్టు తీసుకోమని కండక్టరు భుజం తడితే కెవ్వున అరిచింది. బస్సులో అందరూ తిరిగి చూశారు.

గురువారం, శుక్రవారం గడిచాయి. బల్ల మీద చేప కోస్తుంటే చెయ్యి తెగింది. కొనడానికి వచ్చినవాళ్ళు ఒకటి అడిగితే ఇంకొకటి తూచింది. కాశీరావు ఏమీ ఎరక్కుండా పొద్దున్నే చెయ్యి చాపేవాడు, ఆమె పాత సీసాలోది ఒకటి వేసేది. రోజూ లెక్క చూసుకునేది. ఎనిమిది. ఏడు. ఆరు.

ఆదివారం ఉండలేక మళ్ళీ ఫోను చేసింది.

"బాగానే ఉందమ్మా," అన్నాడు వెంకటసుబ్బారావు. "కాకపోతే మూడు రోజులుగా అన్నం సయించట్లేదంటోంది. వాంతి వచ్చినట్టుంటోందంట. వానలు పడ్డాయిగా, నీళ్ళు తేడా చేసుంటాయి."

"డాక్టరు దగ్గరికి..."

"వచ్చే వారం ఎట్టాగూ వస్తాంగా."

ఆ పూట చెప్పేసి ఉండాల్సింది. ఆ తరవాత ఆమె ఎన్ని వందలసార్లు అనుకుందో ఆ మాట. రిసీవరు చెవికి పెట్టుకుని, పెదవులు కదిలించి, "బాబాయిగారూ" అని మాత్రం అనగలిగింది. "చెప్పమ్మా" అన్నాడాయన. ఆరు రోజులు దాచిపెట్టిన సంగతిని ఇప్పుడు ఏ మొహంతో చెప్పాలి? మొదటిరోజు కంటే ఇప్పుడు చెప్పడం ఇంకా కష్టమైపోయింది. రేపటికి ఇంకా కష్టమవుతుంది. అది తెలిసికూడా, "జాగ్రత్తండీ" అని పెట్టేసింది.

తరవాతి బుధవారం మధ్యాహ్నం గంగాధర్ లారీ వచ్చి ఆగింది. క్లీనర్ని టీ తాగి రమ్మని పంపించి, గంగాదేవి క్యాబిన్ ఎక్కి తలుపేసుకుంది. కొత్త మాత్రని తడిపి రుద్దితే పసుపంటిన గుడ్డపీలిక అతని ముందు పెట్టింది.

"సీసా ఎవరిచ్చారు నీకు?"

"ఎవరేంటక్కా, నిమాయే..."

"నా మొహం చూసి చెప్పు."

గంగాధర్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని అద్దంలోంచి ఎదురుగా రోడ్డుకేసి చూశాడు.

"నిమాయ్ లేడక్కా. కొట్టు మానేశాడంట. పక్క టీబంకు దగ్గర ఇంకోడు కలిశాడు. నిమాయ్ మనిషినే, నాకు తెలుసు మీ సంగతి అన్నాడు. నేనడగగానే జేబులోంచి తీసిచ్చాడు. అంతకుముందు నిమాయ్ ఎప్పుడూ నాలుగు రోజులు ఆగమనేవాడు."

"మరి అప్పుడే నీకు అనుమానం రాలేదా?"

"వచ్చింది."

"వస్తే?"

"ఒట్టి చేతులతో వచ్చి నీకేం చెప్పను? బావకి మందు లేదని చెప్పాలా? నేను తేలేకపోయా, బావ ఇంక పోతాడు అని చెప్పాలా? సీసా మీద రాతలు అట్టాగే ఉన్నాయి. బాగుంటదిలే అనుకున్నా. అనుకోవాలనిపించింది, అనుకున్నా." అక్కవైపు తిరిగాడు. "బావ ఎట్టా ఉన్నాడు?"

"మీ బావకి వెయ్యలేదు. మైలవరం పిల్ల వేసుకుంటంది."

అర్థం కావడానికి అతనికి కొంచెం సేపు పట్టింది. తరవాత అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "చెప్పొద్దక్కా. వేసుకోవద్దని మాత్రం ఫోన్ చెయ్యి. ఇంకేం చెప్పొద్దు. నన్ను లోపలేస్తారు. పిల్లలు రోడ్డున పడతారు."

ఆమె చెయ్యి విడిపించుకుంది. బల్ల మీద చేపలు అలాగే వదిలేసి, కనిపించిన నూజివీడు బస్సెక్కేసింది.

నూజివీడులో బస్సు మారి, మామిడి తోటల మధ్యనుంచి పోతున్నంతసేపూ ఆమె ఏం చెప్పాలో లోపల కూడబలుక్కుంది. మైలవరంలో దిగి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళేసరికి అవేవీ గుర్తులేవు. వసారాలో మంచం మీద శివపార్వతి పడుకుని ఉంది. అడుగుల చప్పుడుకి కళ్ళు తెరిచింది. ఆ కళ్ళు చూడగానే గంగాదేవి మంచం పట్టె పట్టుకుంది. తెల్లగా ఉండాల్సిన చోటంతా పసుపు.

"కామెర్లన్నారు," అంటూ వెంకటసుబ్బారావు లోపలినుంచి వచ్చాడు. "పసరు పోయిస్తున్నాం. నువ్వేంటమ్మా, ఇంతదూరం ఇట్టా చెప్పాపెట్టకుండా?"

"ఆ మాత్రలు ఆపెయ్యండి బాబాయిగారూ. అవి మంచివి కావు. ఇప్పుడే పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. ఆలస్యం చెయ్యకండి."

ఆయన ముందు తెల్లబోయాడు. "మంచివి కావని నీకెట్టా తెలుసు?"

"తడి తగిలితే రంగు వదుల్తున్నాయండీ. మా ఆయనకి ఆపేశాను."

"ఎప్పుడాపావు?"

"మంగళవారం."

"నిన్నా?"

గంగాదేవి తల వంచుకుంది. "పోయిన వారం మంగళవారం."

వెంకటసుబ్బారావు పెదవులు కదిలాయి, లెక్క కట్టుకుంటున్నట్టు.

"ఆ రోజేగా నువ్వు ఫోన్ చేసి, అమ్మాయి వేసుకుందా అని అడిగింది," అన్నాడు.

ఆయన అరవలేదు, చెయ్యెత్తలేదు. స్తంభం పట్టుకుని నెమ్మదిగా అరుగు మీద కూర్చుని, మళ్ళీ వెంటనే లేచి, చొక్కా వేసుకుంటూ కారు కోసం వీధిలోకి పరిగెత్తాడు. కారులో గంగాదేవి కూడా ఎక్కింది. రమ్మని ఎవరూ అనలేదు, దిగిపొమ్మనీ అనలేదు. దారి పొడుగునా శివపార్వతి తల ఆమె ఒళ్ళోనే ఉంది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది.

ఆసుపత్రిలో డాక్టరు రాజ్యలక్ష్మి చూసి వెంటనే ఐసీయూలో చేర్పించింది. తరవాత గంగాదేవిని తన గదిలోకి పిలిచింది. గంగాదేవి నిలబడే అంతా చెప్పింది. బోంగావ్, నిమాయ్, ఏడు సీసాలు, మరక, రెండు ఫోన్లు. ఏదీ దాచలేదు. డాక్టరు ఒక్కోటీ కాగితం మీద రాసుకుంటూ పోయింది. అదే ఎక్కువ భయపెట్టింది.

"కూర్చో," అంది చివరికి. "నీకొక విషయం చెప్పనా? సొంత జబ్బుకి పైదేశం మందు తెప్పించుకోవడానికి పర్మిట్ ఇస్తారు. నేను చీటీ రాసి, కాగితాలు పంపిస్తే, ఢిల్లీ నుంచి వస్తుంది. దొంగతనంగా తేవాల్సిన పనే లేదు. ఢాకా కంపెనీ నుంచే సరాసరి తెప్పించుకోవచ్చు."

గంగాదేవి కుర్చీ అంచున కూర్చుంది.

"నాతో చెప్పకూడదని ఎవరు చెప్పారు మీకు?"

"ఎవరూ చెప్పలేదండీ. భయమేసింది."

"సరే. ఇప్పుడిది విను. ఆ సీసా ఔషధ శాఖ ఇన్‌స్పెక్టరుకి ఇవ్వాలి. ఆ సరుకు ఇంకెంతమంది ఇళ్ళల్లో ఉందో! హౌరా లారీల్లో మీ తమ్ముడొక్కడే తెస్తున్నాడని నేను అనుకోను. ఎక్కడ కొన్నాడో, ఎవడిచ్చాడో చెప్పాలి. రేపు పొద్దున్న ఆయన్ని పిలుస్తున్నాను."

గంగాదేవి ఆసుపత్రి ముందున్న బూత్‌కి వెళ్ళి గంగాధర్ సెల్లుకి చేసింది. ఆటోనగర్‌లో ఉన్నాడు, వెనక సుత్తి దెబ్బలు వినబడుతున్నాయి.

"పిల్ల ఐసీయూలో ఉంది. రేపు పొద్దున్న ఇన్‌స్పెక్టరుకి నీ పేరు చెప్తన్నా," అంది. "ముందు నీకు చెప్పాలని చేశా. వస్తావో, ఎటన్నా పోతావో నీ ఇష్టం. నేను మాత్రం చెప్పేస్తా తమ్ముడూ. ఇంక దాయలేను."

అవతల సుత్తి దెబ్బలు తప్ప ఏమీ వినబడలేదు. తరవాత ఫోను కట్టయింది.

మర్నాడు ఇన్‌స్పెక్టరు కాగితాలు పరుచుకుని కూర్చోగానే తలుపు దగ్గర గంగాధర్ కనిపించాడు. చొక్కా నిండా గ్రీజు. గెడ్డం మాసి ఉంది. అక్కవైపు చూడకుండా నేరుగా బల్ల దగ్గరికి వచ్చి, "తెచ్చింది నేనేనండీ," అన్నాడు. వాడెవడో, టీబంకు ఎక్కడో, గుర్తులతో సహా చెప్పాడు. ఇంకా ముగ్గురు డ్రైవర్లు అక్కడే తీసుకున్నారని కూడా చెప్పాడు. ఆ సాయంత్రానికల్లా ఆ ముగ్గురి ఇళ్ళకీ కబురు వెళ్ళింది. ఏలూరులో ఒకళ్ళు, భీమవరంలో ఒకళ్ళు, ఆకివీడులో ఒకళ్ళు. ఆకివీడు మనిషి ఇంకా సీసా మూత తియ్యలేదట. ఆ మాట విన్నప్పుడు గంగాదేవికి వారం రోజుల్లో మొదటిసారి ఏడుపొచ్చింది.

గంగాధర్ మీద కేసు పెట్టారు. పంతొమ్మిది రోజులు జైల్లో ఉన్నాడు. అతని భార్య తిరుమల ఆ పంతొమ్మిది రోజులూ గంగాదేవి గుమ్మం తొక్కలేదు.

ఐసీయూ బయట వరండాలో గంగాదేవి పగలంతా కూర్చునేది. వెంకటసుబ్బారావు రెండో చివర. ఆయన ఒక్కసారి కూడా ఆమె వంక చూడలేదు. నర్సు బయటికి వచ్చి పేరు పిలిచినప్పుడల్లా ఇద్దరూ ఒకేసారి లేచేవాళ్ళు. నాలుగో రోజు శివపార్వతికి తెలివి తప్పింది. ఆరో రోజు డాక్టరు, ఏమీ చెప్పలేనంది. ఆ రోజు వెంకటసుబ్బారావు కిటికీ చువ్వలు పట్టుకుని, తలని వాటికి ఆనించి చాలాసేపు నిలబడిపోయాడు. వెళ్ళి ఏదన్నా అనాలని గంగాదేవి లేచింది. నాలుగడుగులు వేసి, ఏమనాలో తెలియక వెనక్కి వచ్చి కూర్చుంది.

పదకొండో రోజు పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. అప్పటినుంచి పసుపు కొంచెం కొంచెంగా దిగింది.

ల్యాబు రిపోర్టు తరవాతెప్పుడో వచ్చింది. మాత్రల్లో ఉండాల్సిన మందు ఇసుమంత కూడా లేదు. కాలేయాన్ని దెబ్బతీసే ఏదో నొప్పుల మందు పొడి, సుద్ద, పైన రంగు. బోంగావ్ వాణ్ణి అక్కడి పోలీసులు పట్టుకున్నారని ఒకసారీ, కాదు, పారిపోయాడని ఇంకోసారీ విన్నారు. నిజమేదో తెలియలేదు.

పర్మిట్ రావడానికి ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాలూ మరో భయం. పాత సీసా అడుగంటిపోయింది. డాక్టరు వేరే పాతరకం గొట్టం మాత్రలు ఇచ్చి కణాల్ని ఎలాగో అదుపులో ఉంచుతూ వచ్చింది. అయినా కాశీరావుకి కడుపులో గట్టితనం మళ్ళీ చేతికి తగలసాగింది. అతను పైకి ఏమీ అనేవాడు కాదు గానీ, గంగాదేవి అటు తిరిగినప్పుడు చెయ్యి కడుపు మీద పెట్టి నొక్కి చూసుకునేవాడు. చివరికి ఢాకా నుంచి పార్సిలు వచ్చింది. కస్టమ్స్ వాళ్ళు విప్పి, చూసి, మళ్ళీ అతికించి, ముద్ర కొట్టి పంపారు. ఒకటి హనుమాన్ జంక్షన్‌కి, ఒకటి మైలవరానికి. వాటిని ఇంకా ఎవరూ నమ్మలేదు. మాత్ర వేసుకున్నారు, రక్తం పరీక్ష దాకా ఊపిరి బిగబట్టుకున్నారు. కణాలు దిగాయని తేలాకే గంగాదేవి ఇంట్లో పొయ్యి మీద కూర ఉడికింది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో, ఆసుపత్రి బల్ల మీద కాశీరావు వంతు కోసం కూర్చుని ఉండగా శివపార్వతి వచ్చింది. సన్నబడింది, జుట్టు పల్చబడింది, కానీ చీర కుచ్చిళ్ళు చక్కగా పెట్టుకుని, చేతిలో స్కూలు బ్యాగుతో ఉంది. వెంకటసుబ్బారావు చీటీ రాయించడానికి కౌంటరు దగ్గర నిలబడ్డాడు. ఆయన ఈ మధ్య కాశీరావుతో మాట్లాడుతున్నాడు. గంగాదేవితో ఇంకా లేదు.

శివపార్వతి వచ్చి ఆమె పక్కనే కూర్చుంది.

"అక్కా, ఒకటి అడుగుతాను. అడగొద్దన్నారు నాన్న."

"అడుగమ్మా."

"తొమ్మిది రోజులు ఎందుకు ఆగారు?"

ఈ ప్రశ్న కోసం గంగాదేవి ఆర్నెల్లుగా ఎదురుచూసింది. ఎన్నో జవాబులు చూసిపెట్టుకుంది. తమ్ముడు, వాడి పిల్లలు, పోలీసులు, తనకి ఖాయంగా తెలియకపోవడం. తీరా అడిగాక అవేవీ నోట రాలేదు.

"భయపడ్డానమ్మా," అంది. "మొదటి రోజు కొంచెం. తరవాత ఇంకా. నీకేమన్నా అవుతుందని భయం, చెప్తే మాకేమన్నా అవుతుందని భయం. ఆ రెండోదే గెలిచింది. నన్ను క్షమించమని అడగను. అడిగేంత మొహం లేదు."

శివపార్వతి బ్యాగు ఒళ్ళో పెట్టుకుంది. కౌంటరు దగ్గర తండ్రి వీపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించింది.

"నాక్కూడా తెలుసక్కా."

"ఏంటమ్మా?"

"పాత మాత్ర నాలిక్కి తగిలితే పరమ చేదు. కొత్తది మొదటి రోజే చప్పగా ఉంది. సున్నం నాకినట్టు. తేడా అని అప్పుడే తెలిసింది. నాన్నకి చెబితే ఈ దారి కూడా మూసేస్తారు. ఇంక మందే ఉండదు. ఇదీ లేకపోతే నేను పోతాననుకుని, రోజూ కళ్ళు మూసుకుని మింగేశాను. వాంతులొచ్చినా చెప్పలేదు." ఆమె బ్యాగు పట్టీ వేలికి చుట్టుకుంది. "నాన్న మిమ్మల్నొక్కళ్ళనే తిడతారు. నా సంగతి ఆయనకి తెలియదు. నాకు చెప్పే ధైర్యం లేదు."

గంగాదేవి ఆ పిల్ల చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. లోపలినుంచి నర్సు వచ్చి, "శివపార్వతి, మైలవరం," అని పిలిచింది. కౌంటరు దగ్గర వెంకటసుబ్బారావు చీటీ పట్టుకుని తిరిగి చూశాడు. కూతురి చెయ్యి ఎవరి చేతిలో ఉందో చూసి, ఒక్క క్షణం అక్కడే ఆగిపోయాడు.

"వస్తున్నా నాన్నా," అంది శివపార్వతి. లేచి, తండ్రి వైపు రెండడుగులు వేసి, ఆగింది. "లోపలికి వెళ్ళేముందు మీకొకటి చెప్పాలి. ఇలా వచ్చి కూర్చోండి."